జీతం ఆగింది.. ఆర్డర్ ఆగలేదు!

పరిస్థితులు మారినంత మాత్రాన చైల్డ్ సపోర్ట్ దానంతట అదే మారదు. ఒంటారియోలో విడిగా ఉంటున్న తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన సంగతులు

బ్రాంప్టన్: ఇలా ఊహించుకోండి. జనవరి నెలాఖరు. వీధి చివర కమ్యూనిటీ మెయిల్‌బాక్స్ దగ్గర మంచు పేరుకుపోయి ఉంది. తాళం తీస్తే ఫ్లయర్ల మధ్య ఒక ప్రభుత్వ కవరు. అందులో రెండే ముక్కలు: మీ చైల్డ్ సపోర్ట్ బకాయి ఇంత, 30 రోజుల్లో కట్టకపోతే లేదా ఏదో ఒక ఏర్పాటు చేసుకోకపోతే మీ డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. ఆ కవరు అందుకున్న తండ్రికి ఉద్యోగం పోయి పది నెలలైంది. కోర్టు ఆర్డర్ ప్రకారం నెలకు 900 డాలర్లు కట్టాలి. ఉద్యోగమే లేనప్పుడు ఎక్కడి నుంచి తెచ్చేది, ఆ విషయం వాళ్లకు మాత్రం తెలియదా అనుకున్నాడు. గుంటూరు నుంచి ఫోన్ చేసిన అమ్మ కూడా అదే అంది: ‘‘జీతం లేదని చెప్పు నాయనా, వాళ్లూ మనుషులే కదా!’’ కానీ ఆయన ఎవరికీ చెప్పలేదు. పది నెలలు గడిచేసరికి లెక్క 9,000 డాలర్లకు చేరింది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. కంపెనీలు మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు, ట్రక్కింగ్‌లో లోడ్లు తగ్గినప్పుడు, వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడినప్పుడు ఏ ఇంట్లోనైనా రాగల పరిస్థితి. విడాకుల మాటే నలుగురిలో ఎత్తడానికి ఇష్టపడని మన కుటుంబాల్లో ఆ తర్వాత వచ్చే ఈ చిక్కుల గురించి అసలు మాట్లాడుకోం. ఉగాది వేడుకల్లో పక్కపక్కన కూర్చుని పులిహోర తిన్నవాళ్లకు కూడా ఒకరి ఇంట్లో ఇలాంటి కవరు వచ్చిందని మరొకరికి తెలియదు. తెలిసేసరికి బకాయి కొండంత అవుతుంది. అందుకే ఈ కథనం.

వసూలు చేసేదే తప్ప మార్చేది కాదు

ఒంటారియోలో ఏ కోర్టు చైల్డ్ సపోర్ట్ ఆర్డర్ ఇచ్చినా అది ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీ ఆఫీసుకు వెళ్తుంది. అందరూ ఎఫ్‌ఆర్‌ఓ అని పిలిచేది దీన్నే. పిల్లలు, సామాజిక సేవల వ్యవహారాలు చూసే ప్రాంతీయ మంత్రిత్వ శాఖ కింద ఇది పనిచేస్తుంది. దీని అధికారాలు 1996లో చేసిన చట్టం నుంచి వచ్చాయి. కోర్టుకు వెళ్లకుండా ఇద్దరూ సెపరేషన్ అగ్రిమెంట్ రాసుకుంటే, దాన్ని కోర్టులో దాఖలు చేసి ఎఫ్‌ఆర్‌ఓ దగ్గర నమోదు చేసుకోవచ్చు. మా ఇద్దరి మధ్యే చూసుకుంటాం అనుకుంటే ఇద్దరూ రాతపూర్వకంగా కోరి బయటికి కూడా రావచ్చు.

ఎఫ్‌ఆర్‌ఓ చేసే పని ఒక్క మాటలో చెప్పాలంటే, కాగితం మీద ఎంత రాసి ఉంటే అంత వసూలు చేసి ఇవ్వాల్సిన వాళ్లకు ఇవ్వడం. సాధారణంగా యజమానికి నోటీసు పంపి జీతంలోంచే కోత వేయిస్తుంది. ఆ కోత చేతికొచ్చే జీతంలో సగానికి మించకూడదు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎఫ్‌ఆర్‌ఓకు ఫోన్ చేసి కష్టం చెప్పుకొంటే తగ్గిస్తారని అనుకుంటారు. ఫోన్ తీసిన ఉద్యోగికి ఎంత జాలి ఉన్నా 900ను 400 చేసే అధికారం లేదు. అలాగే అవతలి వ్యక్తి జీతం రెట్టింపైందని తల్లి ఫిర్యాదు చేసినా 900ను 1,500 చేసే అధికారమూ లేదు. ఆర్డర్ మార్చగలిగేది కోర్టు. లేదా చట్టప్రకారం ఇద్దరూ చేసుకున్న కొత్త ఒప్పందం, లేదా ప్రాంతీయ ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ చైల్డ్ సపోర్ట్ సర్వీస్ ఇచ్చే లెక్క. ఈ మూడింట్లో ఒకటి వచ్చేదాకా పాత అంకే నడుస్తుంది. నెల నెలా బకాయి పెరుగుతుంది.

ఆ అంకె ఎలా వస్తుంది?

కెనడాలో ఫెడరల్ చైల్డ్ సపోర్ట్ గైడ్‌లైన్స్ 1997 మే 1న అమల్లోకి వచ్చాయి. కట్టాల్సిన తల్లి లేదా తండ్రి వార్షిక ఆదాయం, పిల్లల సంఖ్య, నివసించే ప్రావిన్స్.. ఈ మూడూ చూసి పట్టిక ప్రకారం నెలవారీ మొత్తం తేలుస్తారు. పట్టికను అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి పాత అంకెలు పట్టుకుని వాదించకూడదు.

ఇక్కడ ఆదాయం అంటే పన్నులు కట్టకముందు లెక్క. ఇంటి మార్ట్‌గేజ్, కారు లోను, ఊళ్లో అమ్మానాన్నలకు నెల నెలా పంపే డబ్బు.. ఇవేవీ ఆదాయంలోంచి వాటంతట అవి తీసివేతకు రావు. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె కూడా ఆదాయమే. కెనడాలో పన్ను నివాసి అయినవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి.

పట్టిక మొత్తం కాకుండా ప్రత్యేక ఖర్చులు వేరే ఉంటాయి. డేకేర్, బీమాకు రాని వైద్యం, కాలేజీ చదువు, మామూలు కంటే ఎక్కువ ఖర్చయ్యే ఆటలు, సంగీతం వంటివి. వీటిని తల్లిదండ్రులు తమ తమ ఆదాయాల నిష్పత్తిలో పంచుకోవాలి. బిడ్డ ఏడాదిలో కనీసం 40 శాతం సమయం ఇద్దరి దగ్గరా ఉంటే లెక్క వేరేగా ఉంటుంది. అప్పుడు పట్టికను యథాతథంగా వర్తింపజేయరు.

అంటే ఆదాయం మారినా, బిడ్డ ఎవరి దగ్గర ఉంటున్నదీ మారినా, డేకేర్ అవసరం తీరినా, కాలేజీ మొదలైనా ఆర్డర్‌ను మళ్లీ చూడాల్సిన అవసరం వచ్చినట్టే. వచ్చిందని ఎవరో ఒకరు చెప్పాలి, చూపించాలి. చిక్కంతా అక్కడే.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తండ్రి

ఆలస్యం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒంటారియోలోనే పుట్టిన ఒక కేసు చాలు. కొలూచి వర్సెస్ కొలూచి. కెనడా సుప్రీంకోర్టు 2021 జూన్ 4న తీర్పు ఇచ్చింది.

ఆ దంపతులకు 1996లో విడాకులయ్యాయి. ఇద్దరు కూతుళ్లు. ఒక్కొక్కరికి వారానికి 115 డాలర్ల చొప్పున తండ్రి కట్టాలని ఆర్డర్. రెండేళ్లకు, 1998లో, మొత్తం తగ్గించాలని ఆయన అడిగారు. కానీ ఆదాయం తగ్గిందనడానికి కాగితాలు చూపించలేదు. ఆ తర్వాత దేశం విడిచి వెళ్లారు. ఏళ్ల తరబడి తనంతట తానుగా కట్టింది లేదు. పిల్లలు పెద్దవాళ్లై 2012లో బాధ్యత ముగిసేనాటికి బకాయి పేరుకుపోయింది. 2016లో ఆయన కోర్టుకు వచ్చి, నా అసలు ఆదాయం ప్రకారం లెక్కగట్టి పాత బకాయి తగ్గించండి అన్నారు. అప్పటికి బకాయి సుమారు 1,70,000 డాలర్లు.

కింది కోర్టు దాన్ని దాదాపు 41,600 డాలర్లకు తగ్గించింది. అప్పీలు కోర్టు ఆ తగ్గింపును కొట్టేసింది. సుప్రీంకోర్టు కూడా అప్పీలు కోర్టుతోనే ఏకీభవించింది. తొమ్మిది మంది న్యాయమూర్తులదీ ఒకే మాట. మొత్తం కట్టాల్సిందే.

ఆ తీర్పులోంచి మనం గుర్తుంచుకోవాల్సిన నియమం ఒకటుంది. ఆదాయం తగ్గిన తండ్రి లేదా తల్లి ఆ సంగతిని అవతలివాళ్లకు చెప్పి, దానికి తగిన ఆధారాలు కూడా ఇస్తే, సాధారణంగా ఆ తేదీ నుంచి తగ్గింపు అడగవచ్చు. కోర్టులో దరఖాస్తు వేసిన నాటి నుంచి వెనక్కి మామూలుగా మూడేళ్లకు మించి పోరు. ఆధారాలతో చెప్పకపోతే తగ్గింపు సాధారణంగా దరఖాస్తు వేసిన తేదీ నుంచే మొదలవుతుంది. ఉద్యోగం పోయిందని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టేస్తే సరిపోదు. చెప్పడంతో పాటు చూపించడం కూడా ఉండాలి.

దీని వెనకున్న తర్కం కఠినంగా కనిపించినా న్యాయమైనదే. ఎవరి జీతం ఎంతో ఎదుటివాళ్లకు ఎలా తెలుస్తుంది? తెలిసేది సంపాదించేవాళ్లకే. కాబట్టి బయటపెట్టే బాధ్యత కూడా వాళ్లదే.

ఉద్యోగం పోయిన వారంలోనే

మొదట ఎఫ్‌ఆర్‌ఓకు తెలియజేయాలి. ఉద్యోగం ఆగినా, కొత్త యజమాని దగ్గర చేరినా, ఇల్లు మారినా 10 రోజుల్లో చెప్పాలని చట్టం అంటోంది. వాళ్లు మొత్తం తగ్గించకపోవచ్చు. కానీ మీరు పారిపోవడం లేదని రికార్డులో ఉంటుంది. బకాయిని వాయిదాల్లో కట్టే ఏర్పాటు గురించి మాట్లాడుకోవచ్చు. కట్టగలిగినంత కట్టడం మానకూడదు. 900 కట్టలేకపోతే 300 కట్టండి. ఏమీ కట్టనివాడికీ, కొంతైనా కట్టినవాడికీ కోర్టు కళ్లలో చాలా తేడా ఉంటుంది.

రెండోది, పిల్లల్ని చూసుకుంటున్న తల్లికి లేదా తండ్రికి రాతపూర్వకంగా చెప్పడం. లేఆఫ్ లెటర్, రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్, ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ వస్తుంటే ఆ వివరాలు, గత మూడేళ్ల ట్యాక్స్ రిటర్నులు, నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్‌లు జత చేయాలి. ఇద్దరికీ పొసగకపోతే లాయరు ద్వారా పంపవచ్చు. కలవకూడదని కోర్టు ఆంక్ష ఉంటే మాత్రం నేరుగా సంప్రదించకుండా ముందే న్యాయ సలహా తీసుకోవాలి.

మూడోది, ఆర్డర్ మార్చుకోవడం. ఇద్దరూ ఒప్పుకుంటే పని తేలిక. కన్సెంట్ ఫారాలతో కోర్టుకు పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ చైల్డ్ సపోర్ట్ సర్వీస్ కూడా ఉంది. కానీ అది ప్రధానంగా జీతం మీద బతికేవాళ్లకే. సొంత వ్యాపారమే ముఖ్య ఆదాయమైనవాళ్లకు, లక్షన్నర డాలర్లకు మించి సంపాదించేవాళ్లకు పనికిరాదు. పన్ను లెక్కల ఆధారంగా నడుస్తుంది కాబట్టి నిన్నగాక మొన్న పోయిన ఉద్యోగానికి అన్నిసార్లూ సరిపోదు.

ఒప్పుకోకపోతే మోషన్ టు చేంజ్ వేయాలి. దానికి ఫారం 15, దాంతోపాటు ఆర్థిక వివరాల ఫారం 13. ఉద్యోగం కోసం ఎక్కడెక్కడ దరఖాస్తు చేశారో, ఏం జవాబొచ్చిందో ఒక పుస్తకంలో తేదీలతో రాసుకోండి. ఎందుకంటే కావాలని ఉద్యోగం మానేశారనో, చేయగలిగిన పని చేయడం లేదనో జడ్జికి అనిపిస్తే, మీరు సంపాదించగలిగిన ఆదాయం ఇంత అని ఒక అంకె ఆపాదించి దాని మీదే లెక్క కడతారు. చేతికి రాని జీతం మీద సపోర్ట్ కట్టాల్సి వస్తుంది.

బ్రాంప్టన్‌లో ఎక్కడికి వెళ్లాలి?

స్టీల్స్ దాటి దక్షిణంగా వస్తే 7755 హురొంటారియో స్ట్రీట్‌లో ఎ. గ్రెన్‌విల్ అండ్ విలియం డేవిస్ కోర్ట్‌హౌస్ ఉంటుంది. సుపీరియర్ కోర్టు, ఒంటారియో కోర్ట్ ఆఫ్ జస్టిస్ రెండూ ఆ భవనంలోనే. విడాకులతో పాటు వచ్చిన ఆర్డర్ అయితే సుపీరియర్ కోర్టుకు, విడాకులు లేకుండా కేవలం పిల్లల పోషణ కోసం వేసిన కేసయితే ఒంటారియో కోర్టుకు సంబంధించింది కావచ్చు. మీ ఆర్డర్ పైన ఏ కోర్టు పేరుందో ముందు చూసుకుని వెళ్లండి. తప్పు కౌంటర్ దగ్గర పూట పోగొట్టుకోకుండా ఉంటారు.

కోర్ట్‌హౌస్‌లో ఫ్యామిలీ లా ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంటుంది. ఏ ఫారం ఎందుకో అక్కడ చెబుతారు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు లీగల్ ఎయిడ్ ఒంటారియో డ్యూటీ కౌన్సెల్ సాయం దొరుకుతుంది. లా సొసైటీ ఆఫ్ ఒంటారియో రిఫరల్ సర్వీస్ ద్వారా ఒక లాయరుతో 30 నిమిషాల దాకా ఉచితంగా మాట్లాడవచ్చు. ఆ అరగంటకు వెళ్లేటప్పుడు ఆర్డర్ కాపీ, ట్యాక్స్ కాగితాలు, బకాయి స్టేట్‌మెంట్ చేతిలో ఉండాలి. పెళ్లి నాటి నుంచి జరిగిందంతా చెప్పుకుంటూ కూర్చుంటే అసలు ప్రశ్న అడగకముందే సమయం అయిపోతుంది.

పట్టించుకోకపోతే..

ఎఫ్‌ఆర్‌ఓ చేతిలో ఉన్న ఆయుధాలు తక్కువేమీ కాదు. బ్యాంకు ఖాతా నుంచి పట్టుకోవచ్చు. ఉమ్మడి ఖాతా అయితే అందులో సగం. ఊరి నుంచి వచ్చిన నాన్న పేరుతో కలిపి ఖాతా తెరిచినవాళ్లు, కొత్తగా పెళ్లి చేసుకుని భార్యతో ఉమ్మడి ఖాతా పెట్టుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ట్యాక్స్ రీఫండ్, ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ సొమ్ములోంచి కోత పడుతుంది. ఇంటి మీద హక్కు నమోదు చేస్తారు. క్రెడిట్ బ్యూరోకు చెబుతారు. మూడు వాయిదాలు తప్పినా, బకాయి 3,000 డాలర్లు దాటినా కెనడా పాస్‌పోర్టు నిలిపివేయమని ఫెడరల్ ప్రభుత్వాన్ని కోరవచ్చు. చివరికి డిఫాల్ట్ హియరింగ్‌లో జడ్జి 180 రోజుల దాకా జైలు శిక్ష కూడా వేయగలరు. దివాలా ప్రకటించినా ఈ బకాయి చెరిగిపోదు.

అన్నిటికంటే ముందు తగిలే దెబ్బ డ్రైవింగ్ లైసెన్స్. ట్రక్కు నడిపేవాళ్లకు, డెలివరీ చేసేవాళ్లకు లైసెన్స్ పోతే అన్నం గిన్నె పోయినట్టే. అయితే మొదటి నోటీసు వచ్చాక 30 రోజుల గడువుంటుంది. ఆలోగా మొత్తం కట్టవచ్చు, ఎఫ్‌ఆర్‌ఓతో వాయిదాల ఏర్పాటు చేసుకోవచ్చు, లేదా సస్పెన్షన్ ఆపమని కోర్టు నుంచి రిఫ్రెయినింగ్ ఆర్డర్ తెచ్చుకోవచ్చు. ఆ ఆర్డర్ వచ్చాక కూడా అసలు మొత్తం మార్చమని వెంటనే మోషన్ వేయాలి. గడువు దాటాక పరుగెత్తడం కంటే కవరు తెరిచిన రోజే కదలడం మేలు.

మన కుటుంబాలకు మరీ ముఖ్యమైనది ఇంకొకటి. కోర్టు ఆదేశించిన సపోర్ట్ బాకీ ఉన్నవాళ్లు భార్యను గానీ తల్లిదండ్రులను గానీ ఇమిగ్రేషన్‌కు స్పాన్సర్ చేయడానికి అర్హులు కారు. రెండో పెళ్లి చేసుకుని వధువు వీసా కోసం ఎదురుచూస్తున్న వాళ్లు ఈ నిబంధన దగ్గర ఆగిపోవచ్చు. పాత బాధ్యత తీర్చకుండా కొత్త కాపురం ముందుకు కదలదన్నమాట.

తల్లుల వైపు నుంచి

ఇప్పటిదాకా కట్టేవాళ్ల గురించి మాట్లాడాం. పిల్లల్ని దగ్గర పెట్టుకుని పెంచుతున్నవాళ్ల సంగతి అంతకంటే ముఖ్యం. మనవాళ్లలో ఎక్కువగా వాళ్లు తల్లులే. ఉదయం పిల్లల్ని డేకేర్‌లో దింపి, బస్సు పట్టుకుని, గిడ్డంగిలోనో ఆఫీసులోనో ఎనిమిది గంటలు పనిచేసి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించే తల్లికి ఆ 900 డాలర్లు కిరాణా సామాను, చలికాలం బూట్లు, ఈత క్లాసుల ఫీజు. ఒక నెల రాకపోతే ఆ నెల క్రెడిట్ కార్డే దిక్కు. తండ్రికి ఉద్యోగం పోయిన సంగతి ముందే తెలిస్తే ఆమె కూడా ఖర్చులు సర్దుకోగలదు. చెప్పకుండా ఆపేస్తే ఆ భారమంతా బిడ్డ మీద పడుతుంది.

అవతలివాళ్ల ఆదాయం పెరిగిందని అనుమానం ఉంటే ఏం చేయాలి? ఏడాదికోసారి ఆదాయ వివరాలు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగే హక్కు ఉంది. ఇవ్వకపోతే కోర్టు ఇప్పిస్తుంది. ఆలస్యమైపోయింది, పిల్ల పెద్దదైపోయింది అని వదిలేయాల్సిన పనీ లేదు. బ్రిటిష్ కొలంబియాలో ఒక తండ్రి తన ఆదాయం తక్కువ చేసి చూపి ఏళ్ల తరబడి తక్కువ కట్టారు. బిడ్డ పెద్దయ్యాక తల్లి కోర్టుకు వెళ్లారు. మిషెల్ వర్సెస్ గ్రేడన్ అనే ఆ కేసులో 23,000 డాలర్లు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో వెలువడిన ఆ తీర్పు కారణాలు చదివితే ఒకటి అర్థమవుతుంది. సపోర్ట్ అనేది తల్లికి ఇచ్చే దయ కాదు, బిడ్డకు చెందిన హక్కు.

సర్కారు సాయం తగ్గిపోతుందని చైల్డ్ సపోర్ట్ అడగడానికి భయపడేవాళ్లూ ఉన్నారు. 2017 నుంచి ఒంటారియో వర్క్స్, వికలాంగుల సాయం పథకాల్లో చైల్డ్ సపోర్ట్‌ను ఆదాయంగా కోత పెట్టడం లేదు. 1997 మే తర్వాత వచ్చిన ఆర్డర్ల కింద అందే చైల్డ్ సపోర్ట్ మీద తల్లి పన్ను కట్టక్కర్లేదు. కట్టేవాళ్లకు దాని మీద పన్ను మినహాయింపూ లేదు.

కెనడా చైల్డ్ బెనిఫిట్ సంగతి వేరు. విడిపోయి 90 రోజులయ్యాక ఆ సంగతి కెనడా రెవెన్యూ ఏజెన్సీకి చెప్పాలి. బిడ్డ ఇద్దరి దగ్గరా దాదాపు సమంగా ఉంటే బెనిఫిట్ ఇద్దరికీ సగం సగం వస్తుంది. చెప్పకుండా మొత్తం తీసుకుంటే తర్వాత వెనక్కి కట్టమంటారు.

బిడ్డ ఇల్లు మారితే, పద్దెనిమిది నిండితే

పదిహేనేళ్ల కొడుకు అమ్మ దగ్గర నుంచి నాన్న దగ్గరికి వచ్చేశాడు. అయినా నాన్న జీతంలో కోత ఆగలేదు. ఎందుకంటే ఆర్డర్‌లో ఇంకా అమ్మ దగ్గరే ఉన్నాడు. ఇద్దరూ ఒప్పుకుని ఎఫ్‌ఆర్‌ఓకు రాసిస్తే ఆపుతారు. ఒప్పుకోకపోతే కోర్టుకే వెళ్లాలి.

పద్దెనిమిదో పుట్టినరోజు నాడు సపోర్ట్ దానంతట అదే ఆగిపోతుందనుకోవడం కూడా పొరబాటే. కాలేజీలో పూర్తిస్థాయిలో చదువుతున్నా, జబ్బు లేదా వైకల్యం వల్ల తన కాళ్ల మీద తాను నిలబడలేకపోయినా ఆ తర్వాత కూడా కొనసాగవచ్చు. మనవాళ్లలో చదువులు ఇంటర్‌తో ఆగేవి కావు కాబట్టి ఇది దాదాపు ప్రతి ఇంటి ప్రశ్నే. ఆర్డర్‌లో ముగింపు గురించి ఏం రాసుందో ఇప్పుడే తీసి చదవండి. చదువు అయిపోయాక అమ్మాయి ఉద్యోగంలో చేరితే ఆ సంగతి ఎఫ్‌ఆర్‌ఓకు చెప్పాల్సిన బాధ్యత డబ్బు అందుకుంటున్నవాళ్ల మీద కూడా ఉంది.

పెద్దల ఒప్పందం ఇక్కడ చెల్లదు

విజయవాడలో ఇరువైపుల పెద్దలు కూర్చుని ‘ఉద్యోగం వచ్చేదాకా ఆగండమ్మా’ అని రాజీ చేశారనుకుందాం. మనసులు కుదుటపడటానికి అది మంచిదే. కానీ ఆ మాట కాగితం మీదికి రాకపోతే, ఆ కాగితం ఇక్కడి చట్టప్రకారం కోర్టుకో ఎఫ్‌ఆర్‌ఓకో చేరకపోతే, వాళ్ల పుస్తకంలో బకాయి పెరుగుతూనే ఉంటుంది. ఏ రెండేళ్లకో మాట పట్టింపు వస్తే మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. నేరుగా చేతికిచ్చిన నగదు, పుట్టినరోజుకు కొన్న సైకిల్, అత్తగారి ఖాతాకు పంపిన రూపాయలు సపోర్ట్ కింద జమ కావు. ఎఫ్‌ఆర్‌ఓ దగ్గర నమోదై ఉంటే ఎఫ్‌ఆర్‌ఓ ద్వారానే కట్టండి.

డబ్బు కట్టాల్సిన మనిషి ఇండియాకు వెళ్లిపోతే? ఇది కష్టమైన ప్రశ్న. పిల్లల పోషణ వసూలుకు దేశాలు పరస్పరం సహకరించుకోవాలని 2007లో హేగ్‌లో కుదిరిన ఒప్పందం 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒంటారియోలో అమల్లోకి వచ్చింది. కానీ భారత్ అందులో చేరలేదు. కాబట్టి ఇక్కడి ఆర్డర్‌ను అక్కడ నేరుగా వసూలు చేయించడం తేలిక కాదు. రెండు దేశాల చట్టాలూ తెలిసిన లాయర్ల సాయం కావాలి. అయితే వెళ్లిపోయినంత మాత్రాన బాకీ మాఫీ కాదు. కెనడాలో ఇల్లు, ఖాతా, పన్ను రీఫండ్ ఏది మిగిలినా దాని మీద ఎఫ్‌ఆర్‌ఓ కన్ను ఉంటుంది. ఎన్నేళ్ల తర్వాత తిరిగొచ్చినా లెక్క ఎదురుచూస్తూనే ఉంటుంది. కొలూచి కేసులో జరిగింది అదే.

అక్కడి చట్టం కూడా సూత్రంలో వేరు కాదు. భారత్‌లో పిల్లల పోషణకు ఆధారంగా ఉన్న సీఆర్‌పీసీ 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా మారింది. పరిస్థితులు మారితే మొత్తాన్ని మార్చమని 146వ సెక్షన్ కింద మెజిస్ట్రేటును అడగవచ్చు. భరణం కేసుల్లో ఇరువైపులా ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాల్సిందేనని 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడైనా ఇక్కడైనా లెక్కలు దాచినవాళ్లను కోర్టు నమ్మదు.

తరచూ వినిపించే మాటలు

‘పిల్లల్ని చూడనివ్వడం లేదు, నేనెందుకు కట్టాలి?’ రెండూ వేర్వేరు విషయాలు. చూసే హక్కుకు అడ్డం వస్తే దానికి వేరే దరఖాస్తు వేయాలి. డబ్బు ఆపడం మందు కాదు. డబ్బు రాలేదని పిల్లల్ని చూపించకపోవడమూ అంతే.

‘నాకు మళ్లీ పెళ్లయింది, ఇంకో బిడ్డ పుట్టింది, తగ్గుతుందా?’ అదంతట అది తగ్గదు. తీవ్రమైన ఇబ్బంది ఉందని నిరూపించాలి. అప్పుడు రెండు ఇళ్ల జీవన ప్రమాణాలనూ పోల్చి చూస్తారు. కొత్త భార్య సంపాదన కూడా ఆ పోలికలోకి వస్తుంది.

‘నా ఉద్యోగం పోయిందని ఆమెకు తెలుసు కదా, చాలదా?’ చాలదు. తెలియడం వేరు, ఆధారాలతో చెప్పడం వేరు.

కవరు తెరవండి

మళ్లీ మొదటి ఇంటికే వెళదాం. ఆ తండ్రి పది నెలల కింద, లేఆఫ్ లెటర్ చేతికొచ్చిన వారంలోనే మూడు పనులు చేసి ఉంటే? ఎఫ్‌ఆర్‌ఓకు సమాచారం, పిల్లల తల్లికి కాగితాలతో సహా ఉత్తరం, కోర్టులో ఒక ఫారం. 9,000 బకాయిలో ఎంతో కొంత ఆగి ఉండేది. లైసెన్స్ నోటీసు బహుశా వచ్చేది కాదు. ఆ తల్లి కూడా ఏ నెల డబ్బు వస్తుందో, ఏ నెల రాదో తెలియక దిగులు పడేది కాదు.

ఇప్పటికైనా 30 రోజులున్నాయి. సిగ్గుపడి కవరును డ్రాయర్లో పడేస్తే ఆ రోజులు కరిగిపోతాయి. భార్యాభర్తల బంధం కోర్టులో ముగిసింది కానీ, తల్లిదండ్రులన్న బంధం ముగిసేది కాదు. ఉద్యోగం పోవడం తప్పు కాదు. చెప్పకపోవడమే తప్పు. మీ ఇంట్లో అలాంటి ఆర్డర్ ఏదైనా ఉంటే ఈ శనివారం తీసి ఒకసారి చదవండి. అందులో రాసిన ఆదాయం, పిల్లలు ఉంటున్న చోటు, ఖర్చులు ఇప్పటికీ నిజమేనా చూడండి. కాకపోతే సోమవారం పొద్దున్నే కదలండి.